నీటి సంఘంలో కూలివానికి చోటెక్కడ?

రాయలసీమ పల్లెల్లో ఈనాడు సంఘాలకు కొదవ లేదు. నీటి సంఘం, పొదుపు సంఘం, వాటర్‌షెడ్ కమిటీ, వనసంరక్షణ సమితి, రైతుమిత్ర సంఘం, శ్రమశక్తి సంఘం - గత 30 ఏళ్లలో కర్నూలు, కడప జిల్లాల ఊళ్లలో ఇట్లాంటివి ఒకదాని వెనక ఒకటి పుట్టుకొచ్చాయి. కొన్ని నిలిచాయి. కొన్ని పథకంతో పుట్టి పథకంతోనే పోయాయి. రిజిస్టర్లు మాత్రం బీరువాల్లో మిగిలాయి.

సర్కారు ఒక సంఘాన్ని గుర్తించిందంటే అర్థమేమిటి? ఊరికే పేరు రాసుకోవడం కాదు. గుర్తింపు వస్తే మూడు సంగతులు జరుగుతాయి. సంఘం పేరుమీద డబ్బు వస్తుంది, ఖర్చు పెట్టే అధికారం వస్తుంది. సంఘం తీర్మానం చేస్తే ఆఫీసరు దానికి జవాబు చెప్పవలసి వస్తుంది. ఎవరు సభ్యులు, ఎవరు కారు అనే గీత పడుతుంది. మొదటి రెండింటి గురించి అందరూ మాట్లాడతారు. మూడోదాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. వ్యవసాయ కార్మికులకు అసలు పట్టవలసింది ఆ మూడోదే. ఎందుకంటే ఆ గీత ఎప్పుడు పడ్డా మనల్ని బయటే ఉంచి పడుతోంది.

మట్టి మోసినవాళ్లు లెక్కలోకి రాలేదు

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు 1369లో తవ్వించింది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించినట్లు శాసనం ఉంది. చెరువుకు ఉండవలసిన గుణాలేమిటో, ఉండకూడని దోషాలేమిటో అందులో చెక్కించారు. రెండేళ్లపాటు రోజూ వెయ్యిమంది కూలీలు పని చేశారనీ, రాతిపనికి వంద బండ్లు తిరిగాయనీ కూడా రాశారు. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ రాయిమీదికి ఎక్కలేదు. లెక్క మాత్రం ఎక్కింది. అదైనా ఎక్కినందుకు సంతోషించాల్నేమో!

తర్వాతి కాలంలో చెరువుల మరమ్మతుకు దసబంధం ఇనాములు వచ్చాయి. చెరువు బాగు చేయించే ఆసామికి శిస్తులో పదోవంతు వదిలేసే ఏర్పాటు అది. సీమ జిల్లాల్లో ఇది బాగా వ్యాపించింది. 1800లో నైజాం నవాబు ఈ జిల్లాలను కుంపిణీకి దత్తం చేశాక, 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. కుంపిణీ సర్కారు ఇనాములను తనిఖీ చేసింది, పాత ఏర్పాట్లను కాగితం మీదికి తెచ్చింది. గుర్తింపు దొరికింది ఇనాముదారుకు. తట్ట మోసిన వానికి కాదు.

కూలివాణ్ని చట్టం అసలు గుర్తించనే లేదా అంటే, గుర్తించింది. 1858లో మద్రాసు సర్కారు నిర్బంధ శ్రమ చట్టం చేసింది. చెరువు కట్టగానీ కాలువ గట్టుగానీ తెగే ప్రమాదం వస్తే, చుట్టుపక్కల ఉన్న శ్రామిక వర్గాల మగవాళ్లు వచ్చి పని చేసి తీరాలి. రాకపోతే శిక్ష. కట్ట తెగే రాత్రి కూలివాని పేరు చట్టానికి గుర్తుకొచ్చింది. నీళ్లు పంచుకునే పగటిపూట గుర్తుకు రాలేదు.

1997 చట్టం గీసిన గీత

చెరువుల కాలం నుంచి కాలువల కాలానికి వద్దాం. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా సాగే కె.సి. కెనాల్‌ను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ 1860లలో తవ్వించింది. పడవలు నడిపి లాభం తీద్దామని దాని ఎత్తు. లాభం రాలేదు. 1882లో సర్కారు దాన్ని కొనేసింది. తవ్వినప్పుడు కంపెనీది, కొన్నాక సర్కారుది. సుమారు 300 కిలోమీటర్ల కాలువ, 2 లక్షల 65 వేల ఎకరాల ఆయకట్టు ఉన్నా, రైతుకు దాని మీద మాట చెల్లే ఏర్పాటు వంద సంవత్సరాలకు పైగా లేదు. లస్కరు దయ, పెద్దరైతు పలుకుబడి, చివరి భూములకు ఎండిన కాలువ - ఇదీ నడిచిన తీరు.

1997లో రాష్ట్ర ప్రభుత్వం సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం తెచ్చింది. ఫిలిప్పీన్స్‌లో 1970ల చివర, మెక్సికోలో 1990ల మొదట్లో ఇట్లాంటి మార్పులే జరిగాయి. ప్రపంచ బ్యాంకు ఆ పద్ధతిని దేశదేశాలకూ చెప్పింది. ఇక్కడ అప్పుతోపాటు ఆ సలహా కూడా వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో ఉమ్మడి రాష్ట్రమంతటా 10 వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఒక్కసారిగా ఎన్నికలు జరిగాయి. కలెక్టరు ఆయకట్టుకు హద్దులు గీసి నోటిఫై చేస్తాడు. ఆ హద్దులో సంఘం, సంఘాల మీద డిస్ట్రిబ్యూటరీ కమిటీ, దాని మీద ప్రాజెక్టు కమిటీ. సంఘం వారబందీ వెయ్యాలి, కాలువ మరమ్మతుకు ప్రణాళిక రాయాలి, తగాదాలు తీర్చాలి, లెక్కలు ఆడిట్ చేయించాలి. సామాజిక తనిఖీ కూడా చేయించాలని చట్టంలో ఉంది.

రాసిన మటుకు చట్టంలో మంచి లేదని ఎవరూ అనరు. ఇంజనీరు ముందర చేతులు కట్టుకొని నిలబడే రైతుకు కుర్చీ వేసిన చట్టం అది. ఐతే ఆ కుర్చీ ఎవరికి?

చట్టం ప్రకారం ఓటున్న సభ్యుడంటే ఆయకట్టులో భూమి ఉన్నవాడు. కౌలుదారు కూడా సభ్యుడు కావచ్చు, అదిన్నీ హక్కుల రికార్డులో కౌలుదారుగా నమోదై ఉంటేనే. ఇతరత్రా నీళ్లు వాడుకునేవాళ్లు సంఘంలో ఉండొచ్చుగానీ వాళ్లకు ఓటు లేదు. చాకిరేవు వాళ్లు, చేపలు పట్టుకొని బతికేవాళ్లు, గొర్రెలకు నీళ్లు తాపేవాళ్లు, కాలువ నీళ్లతో నాట్లు, కలుపు, కోతల మీద బతికే కూలీలు - వీళ్లంతా కూర్చొని వినవచ్చు. చెయ్యెత్తడానికి లేదు.

"మాకు సెంటు భూమి ల్యాకపాయ, నీటి సంఘంతో మాకేం పనప్పా?" అనే కూలన్నలు ఉన్నారు. పని ఉంది. కాలువ కింద రెండో పంటకు నీళ్లిస్తే కూలికి ఎన్ని దినాలు పని దొరుకుతుంది? వరికి ఇస్తారా, ఆరుతడికే ఇస్తారా? పూడిక తీసేది మనుషులతోనా, ప్రొక్లెయినరుతోనా? ఈ మూడూ సంఘం తీర్మానం పుస్తకంలో తేలే సంగతులే. కూలివాని ఏడాది బతుకు అక్కడ తేలుతుంటే, ఆ సభలో కూలివానికి చెయ్యి లేదు.

ఆడవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. పాసుపుస్తకం మొగుని పేరున, మామ పేరున ఉంటుంది. నారు పీకి నాటు వేసేది, కలుపు తీసేది ఆమె. రైతుల సంఘంలో మటుకు ఆమె రైతు కాదు.

సంఘాలు వచ్చాక మొదటి ఏళ్లలో మరమ్మతు పనులు కొన్నిచోట్ల బాగానే జరిగాయి, చివరి భూములకు నీళ్లెక్కిన ఊళ్లూ ఉన్నాయి. చాలాచోట్ల అధ్యక్షుడే కాంట్రాక్టరైనాడన్న విమర్శ కూడా అప్పుడే మొదలైంది. తర్వాత ఎన్నికలు లేకుండా అధికారుల చేతికింద సంఘాలు నడిచిన ఏళ్లున్నాయి. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ ఎన్నికలు పెట్టారు. అధికారం మారినప్పుడల్లా సంఘం ప్రాణం పోయి వస్తుంటే, అది రైతుల సంఘం ఎట్లా అవుతుంది? ఎవరిచ్చారో వాళ్లు తీసేసుకోగల గుర్తింపు అది.

గుత్తకు చేసేవానికి గుర్తింపు ఏదీ?

కూలివాని పక్కనే ఉన్నాడు కౌలురైతు. కె.సి. కాలువ కింద నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు వైపు గుత్తకు, కోరుకు చేసే సేద్యం తక్కువేం కాదు. ఆసామి టౌనులో ఉంటాడు. దున్నేది, పెట్టుబడి పెట్టేది, పంట పోతే మునిగేది కౌలుదారు. కాగితంలో మాత్రం ఆసామే రైతు. హక్కుల రికార్డులో కౌలుదారు పేరు రాయించుకోవాలంటే ఆసామి ఒప్పుకోడు. భూమి పోతుందని అతని భయం. పట్టుబడితే మరుసటేడు గుత్త మరొకరికి పోతుంది. నోటిమాట కౌలుకు రికార్డు ఉండదు, రికార్డు లేనివానికి నీటి సంఘంలో ఓటుండదు. చట్టం ఒక చేత్తో ఇచ్చిన దాన్ని రికార్డు రెండో చేత్తో లాక్కుంటోంది.

2011లో భూఅధీకృత సాగుదారుల చట్టం వచ్చింది, రుణ అర్హత కార్డులన్నారు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. 11 నెలలకు కార్డన్నారు, దాని మీద భూయజమాని సంతకం కావాలన్నారు. కౌలుదారు గుర్తింపు ఆసామి పెన్నులో ఉంది. అంతకుముందు రైతుమిత్ర సంఘాలన్నారు, ఉమ్మడి బాధ్యత సంఘాలన్నారు. నలుగురైదుగురు కౌలుదార్లు ఒకరికొకరు పూచీ ఉంటే బ్యాంకు అప్పిస్తుందన్నారు. అప్పు దొరికిన చోట మేలే జరిగింది. కానీ ఆ సంఘం అప్పు కోసం పుట్టిన సంఘం. కౌలు రేటు గురించి మాట్లాడే సంఘంగా దాన్ని ఏ ఆఫీసూ చూడలేదు.

ఓర్వకల్లు చెప్పే పాఠం

కర్నూలు జిల్లాలోనే ఇంకో రకం కథ ఉంది. 1990లలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ తోడ్పాటుతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పేదరిక నిర్మూలన పథకం ఒకటి మొదలైంది. ఓర్వకల్లు మండలంలో ఆడవాళ్లు రూపాయి రూపాయి పొదుపు చేసి, సంఘాలన్నీ ఊరికొక సంఘంగా, ఊళ్లన్నీ కలిసి మండల సమాఖ్యగా ఏర్పడ్డారు. అంతకుముందే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో లేచిన సారా వ్యతిరేక ఉద్యమం సీమ ఆడవాళ్లకూ ధైర్యమిచ్చి ఉంది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. కూలికి పోయే ఆడదాని మాటతో సర్కారు దిగిరావడం కళ్లారా చూసిన తరం అది.

ఓర్వకల్లులో గమనించవలసింది, ముందు సంఘం పుట్టింది, గుర్తింపు తర్వాత వచ్చింది. తీర్మానాల పుస్తకం, లెక్కల పుస్తకం, బ్యాంకు ఖాతా వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం దేశంలో మొదటిది. సర్కారు వాటా, సర్కారు పెత్తనం లేకుండా సహకార సంఘం పెట్టుకోవచ్చని అది చెప్పింది. ఇట్లాంటి మహిళా సమాఖ్యలు చాలా ఆ చట్టం కింద నమోదైనాయి. రిజిస్ట్రారు అధ్యక్షుణ్ని తీసేసి ఆఫీసరును కూర్చోబెట్టే 1964 నాటి సహకార చట్టం పద్ధతి వీటికి లేదు. 2000లో మొదలైన వెలుగు పథకం ఈ అనుభవం మీదే లేచింది.

తర్వాత ఏమైంది? సంఘాల సంఖ్య పెరిగేకొద్దీ వాటిని అప్పుల కౌంటరుగా చూసే అలవాటు పెరిగింది. మైక్రోఫైనాన్సు కంపెనీలు అదే ఆడవాళ్లను గుంపులుగా కూర్చోబెట్టి అప్పులు అంటగట్టాయి. వసూళ్ల వేధింపులకు ఆత్మహత్యలు జరిగాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. సర్కారు సభలకు జనం కావాలంటే పొదుపు సంఘాలకే కబురు పోయే పద్ధతి కూడా వచ్చింది. గుర్తింపు తెచ్చుకున్న సంఘం ఎవరి మనిషిగా మారుతుందో ఎప్పటికప్పుడు కనిపెట్టుకొని ఉండాలని ఇది చెబుతోంది.

సుగ్గికి పోయినవాని సంఘం

ఇక కూలీల సంఘాల మాట. 2005 ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. కడప మొదటి విడతలో, కర్నూలు 2007లో రెండో విడతలో చేరాయి. పని అడిగితే తేదీ వేసిన రసీదు ఇవ్వాలనీ, 15 దినాల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలనీ, కాంట్రాక్టర్లు ఉండరాదనీ ఆ చట్టం చెప్పింది. 2010 తర్వాత రాష్ట్రంలో కూలీలను శ్రమశక్తి సంఘాలుగా కూర్చారు. ఒక జట్టు, జట్టుకొక మేటు, జట్టు మొత్తానికి పని కొలత. భూమి లేనివాళ్లను భూమి లేనివాళ్లుగానే సర్కారు ఒక సంఘంగా రాసుకోవడం మన పల్లెల్లో కొత్త సంగతే.

కానీ ఈ సంఘానికి గుర్తింపు ఎందుకొచ్చింది? కొలతలకూ, మస్టరుకూ అక్కరకొచ్చింది. పని ఏది చేయాలో నిర్ణయించే సభలో జట్టుగా మాట్లాడే అధికారం దానికి రాలేదు. చాలాచోట్ల రసీదే ఇవ్వలేదు. రసీదు లేకపోతే అడిగినట్టే లేదు, అడగనివానికి భృతి ఎక్కడిది? 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వేరే చట్టం చేసింది. చట్టం పోతే దాన్ని పట్టుకొని వేలాడిన జట్టు ఏమవుతుంది? జట్టు సొంతంగా నిలబడి ఉంటే కొత్త చట్టం ముందు కూడా నిలబడి అడుగుతుంది. మస్టరులోనే బతికిన జట్టు మస్టరుతోనే పోతుంది.

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల కూలీలు వానకారు పంట అయిపోగానే సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరప కోతలకు పిల్లాజెల్లాతో తరలిపోతారు. జనవరిలో గ్రామసభ పెడితే ఆ ఊళ్లలో సభకు వచ్చేదెవరు? తాళాలు పడిన ఇండ్లు తీర్మానాలు చేయవు. కూలీల సంఘాన్ని గుర్తించడమంటే, కూలీలు ఊళ్లో ఉన్న దినాల్లో సభ పెట్టడం కూడా.

పంచాయితీ ఉండగా ఇన్ని సంఘాలెందుకు?

ఇది న్యాయమైన ప్రశ్న. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలుకొచ్చింది. పంచాయితీలకు అప్పగించదగిన 29 విషయాల జాబితాలో చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యం, వాటర్‌షెడ్ అభివృద్ధి మూడో అంశంగా ఉన్నాయి. 1994లో మన రాష్ట్రం కొత్త పంచాయితీరాజ్ చట్టం చేసుకుంది. మూడేళ్లు తిరక్కముందే చెరువులను, కాలువలను పంచాయితీకి ఇవ్వకుండా వేరే సంఘాలకు ఇచ్చారు. నీటితీరువాలో పదోవంతు పంచాయితీకి అన్నారు, అంతే. వాటర్‌షెడ్‌లలో కూడా 1995 నుంచి వేరే కమిటీలు నడిచాయి. 2003లో హరియాలి పేరుతో కేంద్రం వాటిని పంచాయితీల వైపు తిప్పింది.

పంచాయితీలో కూలివానికి ఓటుంది. వార్డుమెంబరు, సర్పంచు పదవుల్లో దళితులకు, గిరిజనులకు, ఆడవాళ్లకు రిజర్వేషను ఉంది. నీటి సంఘం ఓటుకు పాసుపుస్తకం కావాలి. అంటే నీళ్ల మీద, మరమ్మతు డబ్బు మీద అధికారాన్ని అందరి ఓటున్న సభ నుంచి తీసి, భూమి ఉన్నవాళ్ల ఓటున్న సభకు ఇచ్చారు. ఎవరూ ఈ మాట పైకి అనలేదు. జరిగింది మాత్రం ఇదే. పంచాయితీల్లో పెత్తందారులు లేరా అంటే, ఉన్నారు. కానీ అక్కడ ఓడించడానికి మన చేతిలో ఓటుంది.

చేయవలసింది

సంఘం పెట్టుకునే హక్కు ఎవరో దయతో ఇచ్చేది కాదు. పరిశ్రమల కార్మికులకున్న సంఘ హక్కే వ్యవసాయ కార్మికులకూ ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే ఒడంబడిక చేసింది. 1923లో భారతదేశం దాన్ని ఆమోదించింది. 1975లో గ్రామీణ కార్మికుల సంఘాల గురించి 141వ ఒడంబడిక వచ్చింది. 1977లో దాన్నీ మన దేశం ఆమోదించింది. అందులో గ్రామీణ కార్మికుడంటే కూలివాడొక్కడే కాదు, కౌలుదారు, కోరుకు చేసేవాడు, తన చేతులతో సేద్యం చేసుకునే చిన్నరైతు కూడా. ఈ మాట మండలాఫీసులో చెప్పి చూడండి. విననివాళ్లే ఎక్కువ ఉంటారు. అందుకే చెప్పాలి.

ఊళ్లో జట్టు ఉన్న ప్రతిచోటా కొన్ని పనులు వెంటనే మొదలుపెట్టవచ్చు. జట్టుకు తీర్మానాల పుస్తకం ఉండాలి, నెలకొకసారి కూర్చోవాలి, వచ్చినవాళ్ల సంతకాలో వేలిముద్రలో ఉండాలి. పని అడిగినా, కౌలు కార్డు అడిగినా రాతపూర్వకంగా అడగాలి, తేదీతో రసీదు తీసుకోకుండా ఆఫీసు గడప దిగరాదు. రసీదు ఇవ్వకపోతే రిజిస్టర్డు పోస్టులో పంపాలి. నీటి సంఘం లెక్కలు, పూడికతీత బిల్లులు 2005 సమాచార హక్కు చట్టం కింద అడగాలి. 30 దినాల్లో జవాబు రావాలి. వచ్చిన కాగితాన్ని గ్రామసభలో నలుగురికీ చదివి వినిపించాలి. చదవను రానివాళ్లకు చదివిపెట్టే పని ఊరి చదువుకున్న పిల్లలది.

సర్కారును అడగవలసినవి కూడా స్పష్టంగా ఉన్నాయి. నీటి సంఘంలో ఓటులేని సభ్యులకు ఓటివ్వాలి. కౌలుదారు సంగతి ఆసామి సంతకంతో కాక గ్రామసభ విచారణతో తేల్చాలి. భూమి ఎవరి పేరునున్నా ఇంట్లో సేద్యం చేసే ఆడమనిషికి సభ్యత్వం ఉండాలి. నీటి సంఘం లెక్కలు ఏటా పంచాయితీ గ్రామసభ ముందుకు రావాలి. కూలీలు చేయగల మరమ్మతు పనికి యంత్రం పెట్టరాదు. వలస ఊళ్లలో గ్రామసభ తేదీ కూలీలను అడిగి పెట్టాలి.

వీటిలో కొన్నింటికి చట్టం మార్చాలి, అది ఒక్క ఊరితో అయ్యేది కాదు. కొన్నింటికి ఉన్న చట్టాన్ని అమలుపెడితే చాలు. అవి ఒక్క ఊరు గట్టిగా కూర్చున్నా కదులుతాయి. ఈ వేసవిలో కాలువ మరమ్మతులకు అంచనాలు వేసే ముందే, మన ఊరి నీటి సంఘం తీర్మానం పుస్తకం చూపించమని అడుగుదాం. అడిగిన తేదీ మన పుస్తకంలో రాసుకుందాం.